నీళ్ల జాడ చూసుకుని ఇల్లు

చెన్నైలో అద్దె ఇళ్లు ఎక్కువగా చేతులు మారేది మే నెలలో. బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి బదిలీ మీద వచ్చేవాళ్లు, పిల్లల చదువుకోసం ఏరియా మారేవాళ్లు అందరూ ఆ ఎండలోనే టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతారు. మనకు రోహిణి కార్తె ఎలాగో వాళ్లకు కత్తిరి అలాగ. ఆ కత్తిరి ఎండలో ఊరంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. కాలవలు ఎండి ఉంటాయి. పల్లపు స్థలాల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు. డిసెంబరులో అదే వీధిలో పడవ వేసుకుని మనుషుల్ని బయటికి తెచ్చారంటే నమ్మబుద్ధి కాదు. పోనీ డిసెంబరులోనే వెళ్లి చూద్దామంటే, ఎండాకాలంలో అక్కడ బిందెడు నీళ్లకోసం లారీ దగ్గర వరస కడతారన్న సంగతి తెలియదు. ఏ నెలలో వెళ్లినా ఊరు మనకు సగమే కనిపిస్తుంది. రెండో సగం అడిగి తెలుసుకోవాలి.

మాది బెజవాడ. 2024 సెప్టెంబరు మొదట్లో ఊరు ఊరంతా కృష్ణ వైపే చూస్తూ కూర్చుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, టీవీల్లో పొద్దస్తమానం అదే బొమ్మ. బుడమేరు వాగు మాత్రం వెనకనుంచి వచ్చింది. మా అన్నయ్యవాళ్లు అద్దెకుండే అజిత్‌సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోరులో మంచాలు తేలాయి. ఆ ఇంట్లో చేరేటప్పుడు గాలి, వెలుతురు, గచ్చు, బండి పెట్టుకునే చోటు అన్నీ చూసుకునే చేరారు వాళ్లు. బుడమేరు పొంగితే మొదట మునిగే నేల అదేనని ఇల్లు చూపించినవాళ్లు చెప్పలేదు. బురద కడిగి, తడిసిన పిల్లల పుస్తకాలు ఎండబెట్టిన ఆ రోజుల తర్వాత నాకు ఇంటి లోపలి సంగతులు రెండో వరసలోకి పోయాయి. 2025లో మా ఆయనకు చెన్నై గిండీలో ఉద్యోగం ఖాయమైనప్పుడు నేను ముందు వెతికింది ఆ ఊళ్లో ఏ చెరువు ఎక్కడ ఉండేదో చెప్పే పాత పటాలు.

పినాకినిలో బయల్దేరాం. నెల్లూరు దగ్గర పెన్న, గూడూరు, సూళ్లూరుపేట, గుమ్మిడిపూండి. రైలు కిటికీలోంచి కనపడదు గాని, ఈ పట్టాలకు పడమటి వైపున ఇంకో ప్రయాణం జరుగుతుంటుంది. శ్రీశైలం జలాశయంలో పోతిరెడ్డిపాడు తూముల దగ్గర బయల్దేరిన కృష్ణ నీళ్లు వెలుగోడు మీదుగా వచ్చి సోమశిల చేరి, అక్కణ్నుంచి కండలేరులో పడతాయి. కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలవ దాటి ఊత్తుకోట్టై దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి, పూండి జలాశయంలో చేరతాయి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికి వదులుతామని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీ రామారావు, ఎంజీ రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉండగా తెలుగుగంగకు ఒప్పందం కుదిరింది. నీళ్లు మొదటిసారి సరిహద్దు దాటింది 1996లో. దారిలో ఆవిరయ్యేవి, ఇంకేవి పోను 12 టీఎంసీలు పూండికి అందాలని లెక్క. ఆ లెక్క నిండుగా తీరడం అరుదు. ఊరి పక్కనే నిండుగా పారే నదిని వదిలిపెట్టి, అదే నదికోసం కాలవ చివర ఎదురుచూసే ఊరికి కాపురం మారుస్తున్నామని ఆ పూట నాకు గట్టిగా తోచింది.

చెన్నైకి తాగునీరిచ్చే పెద్ద చెరువులు చిరకాలంగా నాలుగు: పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం. 2019 జూన్ నాటికి ఆ నాలుగూ దాదాపు అడుగంటాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీళ్లు మోసుకుని విల్లివాక్కం చేరింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2015 డిసెంబరు 1న మొదలైన వాన ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్లు కురిసింది. చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు అడయారులోకి వదిలారు. సైదాపేట, కోట్టూర్‌పురం, జాఫర్‌ఖాన్‌పేట మునిగాయి. ఒకే ఊరు ఇలా మునగడానికీ ఎండడానికీ కారణం ఒకటే. ఏటా దాదాపు 140 సెంటీమీటర్ల వాన పడే ఊరది. అందులో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే దిగుతుంది. ఆ మూడు నెలల వానను పట్టి ఉంచుకోవడానికే పూర్వం అన్ని చెరువులు తవ్వారు. చెరువు పూడ్చి ఇళ్లు కట్టాక నీటికి నిలిచే చోటూ లేదు, పోయే దారీ లేదు. ముందు ఇళ్లలోకి వస్తుంది, తర్వాత సముద్రంలోకి పోతుంది, మే నెలకు చుక్క మిగలదు.

సెంట్రల్ రాబోతుండగా బేసిన్ బ్రిడ్జి దగ్గర రైలు మందగించింది. బకింగ్‌హాం కాలవ ఇక్కడే. ఒకప్పుడు ఆ కాలవ మీద పడవల్లో మన కోస్తా నుంచి ధాన్యం, వంటచెరకు మద్రాసుకు దిగేవి. 1877, 78 కరువులో కూలీలకు పని చూపించడానికి కూవం, అడయారుల మధ్య ముక్క తవ్వి కలిపారు. ఇప్పుడు మైలాపూరు నుంచి దక్షిణంగా ఆ కాలవ కడుపులోనే లోకల్ రైలు వంతెనల స్తంభాలు నిలబెట్టారు. వాననీటిని సముద్రానికి చేర్చాల్సిన కాలవ ఇరుకైపోయింది.

దిగింది పెరంబూరులో మా పెద్దమ్మగారింట్లో. పెదనాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. రైల్వే వర్క్‌షాపులు, 1955లో మొదలైన కోచ్ ఫ్యాక్టరీ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయన తెలుగు ఇప్పుడు ఆ ఊరిదే.

"ఎన్నింటికి పోతా ఉండారు రేపు ఇల్లు చూసేదానికి?" అన్నారు రాత్రి భోజనాల దగ్గర.

"పదింటికి రమ్మన్నాడు పెదనాన్నా, బ్రోకరు."

"పదింటికి పోతే ఏం తెలస్తాదమ్మా? ఇల్లు కనపడతాది అంతే. తెల్లారి అయిదింటికి పో. పంపు కాడ నిలబడు. ఎవురు కొడతా ఉండారు, ఎంతసేపు కొడితే బిందె నిండతా ఉండాది, అది చూడు. నీళ్లు బాగుండే వీధిలో ఆడోళ్లు నిమ్మళంగా మాట్లాడుకుంటా ఉంటారు."

ఆ మాట పట్టుకునే మిగతా రోజులు తిరిగాం. బ్రోకరుతో వెళ్లేముందు మేమిద్దరం తెల్లవారుజామున ఆ ఏరియాకు వెళ్లి నడిచేవాళ్లం. చెన్నై పాత వీధుల్లో చాలా ఇళ్ల గేటు పక్కనే పొట్టి చేతిపంపు ఉంటుంది. అది బోరు కాదు, ఊరి నీటి బోర్డయిన మెట్రో వాటర్ గొట్టానికి బిగించింది. గొట్టంలో ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు వాటంతట అవి ఎక్కవు, కొట్టి తోడుకోవాలి. కొన్నిచోట్ల రోజూ, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి. అపార్టుమెంట్లలో అవే నీళ్లు నేలలోని సంపులోకి దిగి, మోటారుతో పైట్యాంకుకు ఎక్కుతాయి. ఇంకా చాలని చోట బోరు, అది ఉప్పగా మారిన చోట లారీ, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను. ఒక ఇంటికి ఇన్ని రకాల నీళ్లు వస్తుంటే, అద్దె ఎంత అన్నదాని పక్కనే ఏ నీళ్లు, నెలకు ఎంత పడుతుంది అని అడిగి తీరాలి. లారీ నీళ్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది. బోర్డు మీద రాసిన అద్దె చూసి లెక్క వేసుకున్నవాళ్లకు మొదటి వేసవిలో ఆ లెక్క తప్పుతుంది.

మైలాపూరు మీద నాకు ఎప్పట్నుంచో మనసు. కపాలీశ్వరుడి కోనేరు చుట్టూ ఉన్న మాడ వీధులు, పొద్దున్నే కాఫీ గింజలు వేయించే వాసన, పువ్వులు మూరల లెక్కన అమ్మే ముసలమ్మలు. మన చరిత్రకూ అది దగ్గరి చోటు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచింది ఆ పక్కనే రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తి గారింట్లో. ఇప్పుడది స్మారక భవనం. లోపలికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాం. నీళ్ల సంగతికొస్తే మైలాపూరు పాత నేల, కోనేట్లో నీళ్లున్నంతకాలం చుట్టుపక్కల బావులు పలుకుతాయని అక్కడివాళ్లు చెప్పారు. కానీ అద్దెలు మా చేతికి అందేవి కావు. దానికి తోడు రెండు ఇళ్ల దగ్గర గుమ్మంలోనే మాట ఆగిపోయింది. ఒకచోట ఏం తింటారని అడిగారు. చెప్పాక ఇల్లు చూపించలేదు. ఇంకోచోట ఫోనులోనే మీరెవరని అడిగి, జవాబు విని, ఇల్లు ఇచ్చేశామన్నారు. సాయంత్రం ఆ బోర్డు అక్కడే ఉంది. ఇది చెన్నైలోనే ఉన్న రోగం కాదు, బెజవాడలోనూ హైదరాబాదులోనూ ఉన్నదే. ఎక్కడున్నా అది అన్యాయమే. అద్దె కట్టి, ఇల్లు శుభ్రంగా ఉంచుకునే మనిషిని వంటింట్లో ఏం ఉడుకుతుందో అడిగి వెనక్కి పంపే హక్కు ఎవరికీ ఉండకూడదు. ముస్లిం కుటుంబాలకు, ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు మేం పడినదానికి పదింతలు ఎదురవుతుందని మా వెంట తిరిగిన బ్రోకరే చెప్పాడు.

అక్కణ్నుంచి మాంబళం. అక్కడి టీ నగర్ గురించి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరున వెలసిన పేట అది. మధ్యనున్న పానగల్ పార్కు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన పానగల్ రాజా పానగంటి రామరాయణింగారిది. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల కాపురమున్నారు. అయితే ఈ పేట పుట్టింది చెరువులో. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపుగా పొడుగ్గా సాగిన పెద్ద చెరువును 1920ల్లో ఎండగట్టి, ప్లాట్లు వేశారు. 1970ల దాకా మిగిలిన నుంగంబాక్కం ముక్కను కూడా పూడ్చాక, అక్కడ 1976లో వళ్లువర్ కోట్టం కట్టారు. ఆ పక్క ఇళ్లకు లేక్ ఏరియా అన్న పేరు ఉండిపోయింది. రైలు పట్టాలకు అవతల వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉంది. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. పచారీ కొట్లు, మెస్సులు, టైలర్లు, ట్యూషన్ సెంటర్లు. చూడటానికి చెరువు లేదు.

ఒక పంపు దగ్గర పెద్దావిడ నీలం రంగు ప్లాస్టిక్ బిందె నింపుకుంటోంది. మా ఆయనకు తమిళం కాస్త వచ్చు. వానాకాలం ఎలా ఉంటుందమ్మా అని అడిగాడు. ఆమె పంపు ఆపి, తన ఇంటి మెట్లు చూపించింది. మొత్తం నాలుగు. 2015లో నాలుగూ మునిగి లోపల మోకాలిదాకా వచ్చాయంది. 2021 నవంబరులో మూడో మెట్టు మీద ఆగాయంది. ఆ తర్వాత వాననీటి కాలవలు తవ్వారు, ఇప్పుడు కొంచెం నయమేనంది. గుమ్మానికి అడ్డంగా జానెడు ఎత్తున సిమెంటు గట్టు కట్టించుకుంది. దాటేటప్పుడు చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని దాటింది. మాకు అక్కడి వీధులు, మనుషులు, బజారు అన్నీ నచ్చాయి. బిందె నిండటానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకవేళ మొదటి అంతస్తు దొరికితే తీసుకుందామని రాసుకుని కదిలాం.

ఓఎమ్మార్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 2000లో తరమణిలో టైడెల్ పార్కు తెరిచాక సాఫ్ట్‌వేర్ ఆఫీసులతో పాటు ఆ రోడ్డు వెంట పెరిగిన ఎత్తయిన అపార్టుమెంట్లు. మన పిల్లలు చాలామంది అక్కడే ఉంటారు, తెలుగు మెస్సులు కూడా ఉన్నాయి. ఇళ్లు కొత్తవి, లిఫ్టు ఉంటుంది, ఏం తింటారని ఎవరూ అడగరు. ఈ ఒక్క కారణానికే అక్కడ చేరేవాళ్లను నేను తప్పుపట్టలేను. కానీ మేం చూసిన రెండు కాంప్లెక్సుల్లోనూ నీళ్లు లారీలో వస్తాయి, మురుగు లారీలో పోతుంది. గేటు దగ్గర నిలబడిన కాసేపట్లో రెండు రకాల లారీలూ చూశాం. మెట్రో రెండో దశ తవ్వకాలతో రోడ్డు సగం మూసి ఉంది.

వేళచ్చేరిలో మాత్రం ఆగాలి. గిండీకి దగ్గర, లోకల్ రైలుంది, అద్దె మాకు సరిపోతుంది. బ్రోకరు చూపించిన గ్రౌండ్ ఫ్లోరు పోర్షను లేత పసుపు సున్నంతో మెరిసిపోతోంది. వంటగది పెద్దది. మా అమ్మాయి అప్పుడే తన గది ఏదో చెప్పేసింది. నేను హాల్లో ఫ్యాను వేద్దామని చెయ్యి చాపితే స్విచ్ బోర్డు ఉండాల్సిన చోట లేదు, ఇంకా పైన ఉంది. టీవీ దగ్గర, మంచం దగ్గర ఉండాల్సిన ప్లగ్ పాయింట్లు కూడా నా ఛాతీ ఎత్తుకు జరిపి బిగించారు. పాత బోర్డు ఉండిన చోట గోడ పూడ్చి రంగేసిన చతురస్రాలు చెయ్యి పెడితే తెలుస్తున్నాయి. వెనకవైపు నీళ్ల మోటారు నేలమీద లేదు, నడుమెత్తు దిమ్మె కట్టి దానిమీద పెట్టారు. బాత్రూము తలుపుకు కింది నుంచి రెండడుగులు కొత్త రేకు కొట్టారు. ఆ ఇంట్లోకి వచ్చిన నీటి మట్టం గోడ మీద గీత గీయనక్కర్లేకుండా కనిపిస్తోంది.

"ఇక్కడ నీళ్లు వస్తాయా?" అని మా ఆయన అడిగితే బ్రోకరు "ఇరవై నాలుగ్గంటలూ బోరు నీళ్లండీ" అన్నాడు. నిజమే చెప్పాడు. ఆ కొళాయి తిప్పి గ్లాసులో పట్టాను. కాస్త పసుపు రంగు, నాలుకకు ఉప్పు. కొళాయి మూతి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టింది. గోటితో గీకితే పొడి రాలింది. అవే నీళ్లు గీజరులో, మిక్సీలో, తలమీద పోసుకోవడానికీ.

వేళచ్చేరి తప్పేం చేయలేదు. దాని పక్కనున్న పళ్లికరణై చిత్తడి నేల దక్షిణ చెన్నైలోని ఎన్నో చెరువుల అలుగు నీళ్లు చేరే పల్లం. అక్కణ్నుంచే నీళ్లు ఒక్కియం మడుగు మీదుగా సముద్రానికి పోవాలి. ఆ చిత్తడిలో పెరుంగుడి చెత్తకుప్ప పోశారు, రోడ్లు వేశారు, ఆఫీసులు లేపారు. మిగిలినదాన్నైనా కాపాడదామని 2022లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటబోయే ముందు చెన్నై పక్కన ఆగి ఆగి కురిసినప్పుడు, నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూ వేళచ్చేరికే వచ్చాయి. ఆ తర్వాతి ఏడాది వాన హెచ్చరిక వినగానే జనం ముందురోజే కార్లు తీసుకెళ్లి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టారు. బాపట్లలో ఆ తుపానుకు మా మేనత్తగారి వరి చేను పడిపోయింది. ఒకే తుపాను అక్కడ చేనును, ఇక్కడ ఇళ్లను ముంచింది. ఆ వేళచ్చేరి ఇంట్లోకి ఎవరైనా వస్తారు, అద్దె తక్కువ కాబట్టి వస్తారు. చెప్పి ఇస్తే అది వాళ్ల ఎంపిక. చెప్పకుండా సున్నం కొట్టి ఇవ్వడం మోసం. ఇల్లు ఎంత లోతు మునిగిందో అద్దె ఒప్పందంలో రాయాలన్న నిబంధన వస్తే ఈ ఊళ్లో, మా ఊళ్లో కూడా ఎన్నో కుటుంబాలు బతికిపోతాయి.

ఆలందూరు మా జాబితాలో మొదట లేదు. రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషన్ కాబట్టి అక్కడ రైలు మారుతుండగా మా ఆయనే, దిగి చూద్దామా అన్నాడు. తర్వాతి స్టేషనే గిండీ. పరంగిమలై కొండ వైపు నడుస్తుంటే నేల మెల్లగా ఎత్తెక్కుతుంది. ఉత్తరాన అడయారు వైపు జరిగేకొద్దీ దిగుతుంది. కాబట్టి ఆలందూరు అంతా ఒకటే అని అనుకోకూడదు. ఒకే పేటలో ఈ వీధికీ ఆ వీధికీ తేడా ఉంది. ఇళ్లు చిన్నవి, సందులు ఇరుకు, మసీదు, చర్చి, గుడి దగ్గర దగ్గరగా ఉన్నాయి. బజారులో కూరగాయల బండి పక్కనే చేపల బుట్ట. ఏం తింటారని అక్కడ మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆలందూరు గురించి నాకు ముందే ఒక సంగతి తెలుసు. అది విడి మునిసిపాలిటీగా ఉన్న రోజుల్లో, 1990ల రెండో సగంలో, భూగర్భ మురుగు కాలవలు కావాలనుకున్నారు. చాలినంత డబ్బు లేదు. ఊరివాళ్లను అడిగితే, ఒక్క గొట్టం కూడా వేయకముందే ఇంటికి 5,000 రూపాయల చొప్పున కట్టారు. ఆ సొమ్ము, అప్పు, గ్రాంటు కలిపి పని పూర్తి చేశారు. చిన్న ఊళ్లు సొంతంగా మురుగు వ్యవస్థ కట్టుకోవచ్చనడానికి ఉదాహరణగా దాన్ని ఆ తర్వాత ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి వెళ్లారు. 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. తమ వీధి కింద ఏముందో తెలిసి, దానికోసం చేతి డబ్బు పెట్టుకున్న మనుషుల మధ్య ఉండాలన్న కోరిక నాకు అక్కడే కలిగింది.

మేం చూసిన ఇల్లు మొదటి అంతస్తు. ఓనరు రిటైరైన స్కూలు టీచరు, కింద ఉంటారు. ఇల్లు చూపించమంటే ముందు గదులు చూపించబోయారు. నేను సంపు చూపించమన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, తర్వాత సంతోషపడి, రేకు మూత ఎత్తి చూపించారు. మెట్రో వాటర్ రోజు విడిచి రోజు, బోరు విడిగా ఇంకో ట్యాంకుకు. 2015లో నీళ్లు గేటు దాకా వచ్చి ఆగాయని, 2023లో వీధిలో చీలమండ దాకా నిలిచి మర్నాటికి తీశాయని చెప్పారు. ఎదురింటావిడను, మూల మీది టీ కొట్టు అబ్బాయిని విడివిడిగా అడిగాం. ముగ్గురి మాటా కలిసింది. మురుగు కాలవకు కట్టిన 5,000 రూపాయల రసీదు ఆయన ఇంకా ఫైల్లో దాచుకున్నారు. తెచ్చి చూపించారు.

లోపాలు లేవని కాదు. వంటగది ఇరుకు. పడమటి గదిలో మధ్యాహ్నం ఎండ కొడుతుంది. విమానాల చప్పుడు ఉంది. కరెంటు దగ్గర కూడా కొంత మాట్లాడాల్సి వచ్చింది. అప్పట్లో తమిళనాడులో ఇంటి కనెక్షనుకు రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం. చాలామంది ఓనర్లు ఒకే మీటరు మీద సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కు తమ లెక్క కట్టి వసూలు చేస్తారు, ఆ ఉచితం అద్దెకున్నవాళ్లకు అందదు. ఈ ఇంటికి పైపోర్షనుకు విడిగా ఈబీ (విద్యుత్ బోర్డు) మీటరు ఉంది. నంబరు రాసుకున్నాం. అడ్వాన్సుగా ఒకప్పుడు ఈ ఊళ్లో పది నెలల అద్దె అడిగేవాళ్లు. 2017లో చేసి 2019లో అమలుకు తెచ్చిన అద్దె చట్టం వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలలకు మించకూడదంటోంది. అయినా అయిదారు నెలలు అడిగేవాళ్లే మాకు ఎక్కువ తగిలారు. ఈయన నాలుగు అన్నారు, మూడుకు ఒప్పుకున్నారు.

ఆఖరున వాననీటి గుంత అడిగాను. 2003 నుంచి తమిళనాడులో ప్రతి కట్టడానికీ అది తప్పనిసరి. చాలాచోట్ల గుంత ఉంటుంది గాని అది ఎప్పుడో పూడిపోయి ఉంటుంది. గేటు లోపల కుడివైపు మూలన సిమెంటు మూత. ఆయనా మా ఆయనా కలిసి గడ్డపారతో లేపారు. పైన ఆకులు, రెండు పాల ప్యాకెట్లు, కింద గట్టిపడిన బురద. గులకరాయి, ఇసుక పొరలు అసలు కనపడటం లేదు. డాబా మీది వాననీళ్లు ఆ గుంతలోకి వచ్చి ఇంకితే బోరుకు తియ్యదనం వస్తుంది, ఇంకకపోతే వీధిలోకి పొర్లి పక్కవాళ్ల గుమ్మంలోకి పోతాయి.

"మూడేళ్లయింది అమ్మా తీయించి. మనిషి దొరకడం లేదు" అన్నారాయన తమిళం కలిసిన తెలుగులో.

"మనిషిని మేం తెస్తాం సార్. ఖర్చు చెరిసగం. ఏటా సెప్టెంబరు నెలాఖరులోపల తీయించాలి. అగ్రిమెంటులో రాద్దాం" అన్నాను.

అద్దె ఒప్పందంలో ఇలాంటి షరతు తానెప్పుడూ చూడలేదని టైపు చేసిన కుర్రాడు అన్నాడు. పదకొండు నెలల అగ్రిమెంటు, నెలకు 22,000 అద్దె, మూడు నెలల అడ్వాన్సు, మెట్రో వాటర్ చార్జీ ఓనరుది, మోటారు రిపేరు చెరిసగం, వాననీటి గుంత శుభ్రం సెప్టెంబరు 30లోపు. ఓనరు తమిళంలో సంతకం పెట్టారు, మా ఆయన తెలుగులో పెట్టాడు. జూన్ మొదటివారంలో సామాను లారీ మాట్లాడుకోవాలి.